ఒక్క గ్రూపు చూసి పెల్లెట్ డబ్బా కొనొద్దు

సెంటర్‌ఫైర్ టార్గెట్ రైఫిల్ వాడే విదేశీ షూటర్లలో చాలామంది తూటాలు తామే నింపుకుంటారు. పౌడర్ తూకం, ప్రైమర్ (మందుని అంటించే భాగం) రకం, బుల్లెట్ కేసులో, అంటే తూటా గొట్టంలో, ఎంత లోతున కూర్చోవాలి అన్నవి ఒక్కొక్కటీ మార్చుకుంటూ తమ బ్యారెల్‌కి నప్పే కలయిక పట్టుకుంటారు. మన దగ్గర ఆ దారి లేదు. 1959 నాటి ఆయుధ చట్టం సెక్షన్ 5 ప్రకారం తూటాల తయారీకి విడిగా లైసెన్సు ఉండాలి. రైఫిల్ లైసెన్సు ఉన్నంత మాత్రాన ఇంట్లో తూటాలు నింపుకునే హక్కు రాదు. పైగా విజయవాడ, గుంటూరు వైపు టార్గెట్ షూటింగ్ నేర్చుకునేవాళ్లలో ఎక్కువమంది చేతిలో ఉండేది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్. దాని పెల్లెట్ వట్టి సీసపు గుండు, అందులో నింపడానికి ఏమీ ఉండదు. ఆ తర్వాతి మెట్టు .22 రైఫిల్. దాని తూటా రిమ్‌ఫైర్ రకం. మందుని అంటించే ప్రైమర్ కేసు అడుగున అంచు మడతలోనే ఉంటుంది కాబట్టి ఒకసారి కాల్చిన కేసును మళ్లీ నింపే వీలే లేదు.

అంటే షూటర్ చేతిలో మిగిలేది ఎంపిక ఒక్కటే. ఏ కంపెనీ, ఏ తల సైజు, ఏ లాటు (ఒకే విడతలో తయారైన సరుకు). ఈ ఎంపికను చాలామంది చేసే తీరులోనే పెద్ద పొరపాటు ఉంది. నాలుగు డబ్బాలు తెచ్చి ఒక్కోదాంతో ఐదేసి షాట్లు కాల్చి, చిన్న గ్రూపు (రంధ్రాలన్నీ దగ్గరగా పడ్డ గుంపు) వచ్చిన డబ్బాని ఏడాదికి సరిపడా కొనేస్తారు. ఆ ఐదు షాట్లు చెప్పేది చాలా తక్కువ. ఎంత తక్కువో లెక్క వేస్తే తెలుస్తుంది.

పావు మిల్లీమీటరు విలువ

10 మీటర్ల ఎయిర్ రైఫిల్ టార్గెట్‌లో పది రింగు వ్యాసం 0.5 మి.మీ. మాత్రమే. పెల్లెట్ వ్యాసం 4.5 మి.మీ. దాని అంచు ఆ చుక్కను తాకితే 10.0. అంటే పెల్లెట్ కేంద్రం టార్గెట్ కేంద్రానికి 2.5 మి.మీ. లోపు పడితే పది వచ్చినట్టే. అక్కడి నుంచి లోపలికి ప్రతి 0.25 మి.మీ.కి 0.1 పాయింటు పెరుగుతూ 10.9 దాకా వెళ్తుంది. 2008 బీజింగ్ ఒలింపిక్స్ ఫైనల్లో అభినవ్ బింద్రా ఆఖరి షాట్ 10.8. అంటే ఆ పెల్లెట్ నడిబొడ్డుకి అర మిల్లీమీటరు లోపు పడింది. క్వాలిఫికేషన్‌లో 60 షాట్లు, గరిష్ఠం 654.0. అప్పట్లో ఫైనల్లో మాత్రమే ఉన్న దశాంశ లెక్క 2013 నుంచి క్వాలిఫికేషన్‌లోకీ వచ్చింది. ఒకప్పుడు పది రింగులో ఎక్కడ పడ్డా పదే. ఇప్పుడు పది లోపల కూడా తొమ్మిది మెట్లున్నాయి. పెల్లెట్ తేడా స్కోరులో కనబడటం మొదలైంది అప్పటి నుంచే.

ఇప్పుడు అసలు లెక్క. ఒక షూటర్ చేతి నిలకడను బట్టి షాట్లు ఒక్కో దిశలో 1.2 మి.మీ. ప్రామాణిక విచలనంతో చెదురుతున్నాయనుకుందాం. రైఫిల్, పెల్లెట్ ఏ లోపమూ లేనివైతే ఆ షూటర్‌కి 60 షాట్లకి సుమారు 621 రావాలి. రైఫిల్, పెల్లెట్ కలిసి తమ వంతుగా 0.4 మి.మీ. చెదురు కలిపితే 619 అవుతుంది. అదే రైఫిల్‌కి నప్పని పెల్లెట్ పెట్టి ఆ చెదురు 0.7 మి.మీ.కి పెరిగితే 615. చెదురులు నేరుగా కూడవు, వాటి వర్గాలు కూడతాయి. అందుకే నష్టం పైకి చిన్నదిగా కనిపిస్తుంది. అయినా మంచి పెల్లెట్‌కీ నప్పని పెల్లెట్‌కీ మధ్య దాదాపు నాలుగు పాయింట్లు ఉన్నాయి. ఫైనల్ గీతకి అటూ ఇటూ ఉన్నవాళ్ల మధ్య తేడా చాలాసార్లు అంతకన్నా తక్కువే.

ఇదే లెక్క కొత్తగా నేర్చుకునేవాళ్లకి వేస్తే వేరే మాట వస్తుంది. చేతి చెదురు 3 మి.మీ. ఉన్నప్పుడు స్కోరు 565 దగ్గర తిరుగుతుంది. అక్కడ అవే రెండు పెల్లెట్ల మధ్య తేడా ఒకటిన్నర పాయింటు. అందుకని 600 దాటని పిల్లలకి తల్లిదండ్రులు నాలుగు రకాల దిగుమతి డబ్బాలు కొనిపెట్టాల్సిన పని లేదు. పేరున్న మ్యాచ్ పెల్లెట్ ఏదో ఒకటి 4.50 సైజులో ఎంచుకుని అదే వాడుతూ, ఆ డబ్బు కోచింగ్ మీద పెట్టడం మేలు. పెల్లెట్ పరీక్ష 600 దాటాక మొదలుపెట్టే పని.

పెల్లెట్‌కీ బ్యారెల్‌కీ ఎక్కడ పొత్తు కుదరాలి

మ్యాచ్ పెల్లెట్ ముందు భాగం బల్లపరుపుగా, నడుము సన్నగా, వెనక స్కర్ట్ వెడల్పుగా ఉంటుంది. తల బ్యారెల్ లోపలి గాడుల గట్లమీద జారుతుంది. స్కర్ట్ వెనక గాలి ఒత్తిడికి విప్పారి గాలి పక్కలకి పోకుండా మూసేస్తుంది. రైఫిల్ పెల్లెట్ బరువు సుమారు 0.53 గ్రా. పిస్టల్‌కి చేసినవి ఇంకా తేలిక. తల వ్యాసం 4.48 నుంచి 4.52 మి.మీ. దాకా నూరో వంతు మెట్లలో దొరుకుతుంది. దుకాణాల్లో ఎక్కువగా కనిపించేవి 4.49, 4.50.

తల కొంచెం చిన్నదైతే గట్లమీద గట్టిగా ఆనక పెల్లెట్ ఒరిగిపోతుంది, తిరిగేటప్పుడు తల ఊగుతుంది. పెద్దదైతే గాడుల్లోకి దూరేటప్పుడు సీసం ఎక్కువ చెక్కుకుపోతుంది, వేగం షాటు షాటుకీ మారుతుంది. మంచి బ్యారెళ్లకి చివర కొద్దిపాటి బిగింపు ఉంటుంది. అక్కడ కూడా తల పట్టు సమంగా ఉండాలి. ఒక పెల్లెట్‌ని శుభ్రం చేసే కడ్డీతో వెనక నుంచి ముందుకి మెల్లగా తోసి చూస్తే చాలా తెలుస్తుంది. మొదట్లో ఒక పట్టు, మధ్యలో అంతటా ఒకే జారుడు, చివర మళ్లీ కొంచెం బిగువు ఉండాలి. మధ్యలో వదులైతే ఆ సైజు ఆ బ్యారెల్‌కి చిన్నదనుకోవచ్చు. కడ్డీకి ప్లాస్టిక్ పూత, చివర మెత్తని మొన ఉండాలి. వట్టి ఇనుప కడ్డీతో ఈ పని చేస్తే బ్యారెల్ గీసుకుపోతుంది.

డబ్బా మీది 4.50 అన్న అంకెను మరీ నమ్మకూడదు. ఒక కంపెనీ 4.50, ఇంకో కంపెనీ 4.50 బ్యారెల్‌లో ఒకేలా కూర్చోవు. ఒకే కంపెనీలో కూడా అచ్చు అరిగే కొద్దీ, మార్చిన కొద్దీ తేడా వస్తుంది. అందుకే సైజుతోపాటు లేబుల్ మీది లాటు సంఖ్య, ఉంటే అచ్చు సంఖ్య రాసిపెట్టుకోవాలి. పరీక్షలో గెలిచింది ఆ లాటు మాత్రమే. ఆరు నెలల తర్వాత అదే పేరుతో అదే సైజు డబ్బా తెచ్చుకుంటే అది వేరే పెల్లెట్ కిందే లెక్క.

పరీక్షకి ముందు రైఫిల్ సంగతి

పెల్లెట్‌ని తప్పుపట్టే ముందు రైఫిల్ తన పని తాను చేస్తోందా అని చూడాలి. మ్యాచ్ ఎయిర్ రైఫిల్ పెల్లెట్‌ని సుమారు 170 నుంచి 175 మీ./సె. వేగంతో వదులుతుంది. 10 మీటర్లు చేరడానికి 0.06 సెకను పడుతుంది. ఆలోగా పెల్లెట్ దాదాపు 17 మి.మీ. కిందికి జారుతుంది. వేగం 1 శాతం తగ్గితే ఆ జారుడు 2 శాతం, అంటే 0.35 మి.మీ. పెరుగుతుంది. కాబట్టి వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ మీద పది షాట్లలో ఎక్కువ వేగానికీ తక్కువ వేగానికీ మధ్య 3 మీ./సె. తేడా ఉంటే టార్గెట్ మీద నిలువుగా 0.6 మి.మీ. పోయినట్టే. ఆ రైఫిల్‌తో పెల్లెట్ పరీక్ష చేయడం దండగ. ముందు రెగ్యులేటర్ (ప్రతి షాట్‌కీ గాలి ఒత్తిడిని సమంగా ఉంచే భాగం) బాగు చేయించాలి.

రెగ్యులేటర్ జబ్బుకి ఒక తేలికైన గుర్తుంది. వరసగా కాల్చిన పది షాట్ల వేగం సమంగా ఉండి, పది నిమిషాలు ఆగి కాల్చిన మొదటి షాట్ మాత్రం తేడాగా వస్తే లోపలి సీలు కారుతోందని అర్థం. ఆగిన సమయంలో ఒత్తిడి మెల్లగా పైకి పాకుతుంది. మన ప్రాంతంలో దీనికి పెద్ద కారణం తేమ. కృష్ణా ఒడ్డున, సముద్రానికి ఇంత దగ్గరలో, జూలై నుంచి నవంబరు దాకా గాలి నిండా నీళ్లే. చేతి పంపుతోనో, ఎండబెట్టే ఫిల్టరు లేని కంప్రెసర్‌తోనో రైఫిల్ గాలి సిలిండర్ నింపితే ఆ నీరు లోపలికే పోతుంది. సిలిండర్ అడుగున, రెగ్యులేటర్ వాషర్ల దగ్గర తుప్పు మొదలవుతుంది. తేమ పీల్చే గుళికల ఫిల్టరు పెట్టుకోవాలి. గుళికల రంగు మారగానే మార్చాలి. నింపే ముందు గొట్టంలోంచి కొద్దిగా గాలి వదలాలి.

ఎండ సంగతీ చూడాలి. 25 డిగ్రీల దగ్గర 200 బార్ నింపిన సిలిండర్, మే నెల మధ్యాహ్నం 45 డిగ్రీలకి చేరితే 213 బార్ చూపిస్తుంది. విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర ఎండలో ఆపిన కారులో 60 డిగ్రీలు దాటితే 223. సిలిండర్‌ని కారులో వదిలేయడం ప్రమాదం. తయారీదారు ఇచ్చిన గడువు, మామూలుగా పదేళ్లు, దాటిన సిలిండర్‌ని నింపడం అంతకన్నా ప్రమాదం. ఆక్సిజన్ సిలిండర్ నుంచి నింపడం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు. గ్రీజు తగిలిన చోట ఒత్తిడితో ఉన్న ఆక్సిజన్ అంటుకుంటుంది.

పరీక్ష రోజున సిలిండర్‌ని నింపిన వెంటనే కాల్చడం మొదలుపెట్టకూడదు. నింపేటప్పుడు గాలి వేడెక్కుతుంది. అరగంట ఆగి, గది ఉష్ణోగ్రతకి వచ్చాక 180 బార్ దగ్గర మొదలుపెట్టి 110 దగ్గర ఆపేయడం మేలు. మరీ అడుగుకి దించితే రెగ్యులేటర్‌కి అందవలసిన ఒత్తిడి అందదు. ఏసీ గదిలో పోటీలు ఆడేవాళ్లు ఏసీ గదిలోనే పరీక్షించాలి. అది కుదరకపోతే తెల్లవారుజామున చేయాలి. ఫ్యాను, కూలరు ఆపేయాలి. కిటికీ పక్కనుంచి తగిలే కూలరు గాలికి అర గ్రాము పెల్లెట్ పక్కకి జరుగుతుంది. గ్రూపు అడ్డంగా సాగితే చాలామంది పెల్లెట్‌ని తిడతారు. చాలాసార్లు కారణం ఆ గాలే.

రైఫిల్‌ని ఎలా ఆనించాలి

తయారీ కంపెనీలు బ్యారెల్‌ని బిగించి కాల్చి, ఆ గ్రూపు కార్డుని రైఫిల్‌తోపాటే ఇస్తాయి. క్లబ్బుల్లో అలాంటి బిగింపు దొరకడం అరుదు. ఆటోనగర్‌లో లేతు పనివాళ్ల దగ్గర చేయించుకోవడం పెద్ద కష్టం కాదు. 300 × 400 మి.మీ. కొలతల్లో 12 మి.మీ. మందం ఇనుప పలక ఒక్కటే 11 కిలోల పైన తూగుతుంది. దానిమీద తోలు అంటించిన రెండు దవడలు పెట్టి రైఫిల్ ముందు కర్ర కింది పట్టాని పట్టేలా చేయించాలి. దవడలు బ్యారెల్‌నీ, గాలి సిలిండర్‌నీ పట్టకూడదు. సిలిండర్‌లో ఒత్తిడి తగ్గే కొద్దీ దాని కొలత అతి స్వల్పంగా మారుతుంది. దాన్ని బిగిస్తే ఆ మార్పంతా బ్యారెల్ మీదికి వస్తుంది.

బిగింపు లేకపోతే ఇసుక సంచి చాలు. సంచి ట్రిగ్గర్ ముందు భాగాన, రైఫిల్ బరువు తూగే చోట ఉండాలి. వెనక చిన్న సంచి. రైఫిల్ పైనున్న పట్టా మీద 10 రెట్లు పెద్దదిగా చూపే స్కోపు తగిలించుకుంటే గురి చూడటంలో కంటి తప్పు తగ్గుతుంది. చెంప ప్రతిసారీ ఒకే చోట ఆనాలి, లేకపోతే స్కోపు పారలాక్స్ తప్పు (కన్ను జరిగితే గురి జరిగినట్టు కనిపించడం) దూరుతుంది. స్ప్రింగు పిస్టన్ రైఫిల్ వాడేవాళ్లు మాత్రం సంచి మీద నేరుగా పెట్టకూడదు. స్ప్రింగు కదలికకి రైఫిల్ గెంతుతుంది. సంచిమీద చేయి, చేతిమీద రైఫిల్ ఉండాలి. పట్టు ఎప్పుడూ ఒకేలా, వదులుగా ఉండాలి.

కాల్చే వరస

బ్యారెల్‌ని ముందు ఫెల్టు ముక్కలతో వెనక నుంచి ముందుకి లాగి తుడవాలి. రెండు తడవలు చాలు. ఆ తర్వాత పదిహేను, ఇరవై షాట్లు లెక్కలోకి తీసుకోకుండా కాల్చాలి. తుడిచిన బ్యారెల్‌లో పలచటి సీసపు పొర మళ్లీ ఏర్పడేదాకా గ్రూపు నిలవదు. కంపెనీ మార్చిన ప్రతిసారీ పది షాట్లు ఇలాగే వదిలేయాలి. ఈ షాట్లని పొదుపు చేయబోతే మొదట కాల్చిన డబ్బాకి అన్యాయం జరుగుతుంది.

నాలుగు డబ్బాలు పరీక్షిస్తున్నామనుకుందాం. వాటికి ఎ, బి, సి, డి అని పేర్లు పెట్టి పెల్లెట్లని నాలుగు చిన్న గిన్నెల్లో పోయాలి. ఏ గిన్నెలో ఏది ఉందో కాల్చే మనిషికి తెలియకూడదు. ఖరీదైన డబ్బా అని తెలిస్తే ట్రిగ్గర్ మీద వేలు ఇంకొంచెం జాగ్రత్త పడుతుంది, అది మనసుకి తెలియకుండానే జరుగుతుంది. మొదటి వరస ఎ-బి-సి-డి, రెండో వరస డి-సి-బి-ఎ. గంట గడిచే కొద్దీ కన్ను అలసిపోతుంది, సిలిండర్ ఒత్తిడి దిగుతుంది. ఒకే వరసలో కాలిస్తే ఆ భారమంతా చివరి డబ్బా మీదే పడుతుంది.

ఒక్కో డబ్బాతో పదేసి షాట్ల గ్రూపులు ఐదు, అంటే 50 షాట్లు. నాలుగింటికీ కలిపి 200. వదిలేసే షాట్లు వేరే. ఒక పూటలో తొందరపడి ముగించకుండా రెండు రోజులకి పంచుకోవాలి.

పెల్లెట్‌ని కూర్చోబెట్టడం చిన్న పనిలా కనిపిస్తుంది గానీ, పదిలో ఒక షాట్ దూరంగా పోవడానికి ఎక్కువసార్లు అదే కారణం. వేలితో తోసేటప్పుడు పెల్లెట్ కొంచెం ఒరిగినా స్కర్ట్ అంచు ఒకవైపు నలుగుతుంది. పెట్టే ముందు స్కర్ట్ గుండ్రంగా ఉందా అని ఒక్క క్షణం చూడాలి. నొక్కుకుపోయినవాటిని పక్కన పెట్టాలి. దూరంగా పడిన షాట్‌ని, కాల్చకముందే లోపం కనబడి ఉంటే తప్ప, లెక్కలోంచి తీసేయకూడదు. కాల్చాక తీసేయడం మొదలుపెడితే ఏ డబ్బానైనా గెలిపించవచ్చు.

కొలవడం

గ్రూపులో దూరంగా ఉన్న రెండు రంధ్రాల బయటి అంచుల మధ్య వెర్నియర్‌తో కొలిచి 4.5 మి.మీ. తీసేస్తే కేంద్రం నుంచి కేంద్రానికి కొలత వస్తుంది. తేలికే గానీ పది షాట్లలో ఎనిమిది షాట్ల సమాచారం వృథా అవుతుంది. సగటు వ్యాసార్థం మేలు. గ్రూపు నడి బిందువు నుంచి ప్రతి రంధ్రం ఎంత దూరమో కొలిచి సగటు తీయాలి. ఎలక్ట్రానిక్ టార్గెట్ ఉన్న చోట అడ్డం, నిలువు అంకెలు అదే ఇస్తుంది. వాటిని స్ప్రెడ్‌షీటులో వేసుకుంటే చాలు. కాగితం కార్డు అయితే పది షాట్ల గ్రూపుని రెండు కార్డులకి పంచి, ఒక్కో దాంట్లో ఐదు షాట్లకి మించి కాల్చకుండా, 600 డీపీఐలో స్కాన్ చేయాలి. అప్పుడు ఒక చుక్క 0.042 మి.మీ. ఫోను ఫోటోలో కార్డు ఒంపు తిరుగుతుంది కాబట్టి అది పనికిరాదు.

ఇక ఐదు షాట్లు ఎందుకు చాలవో చూద్దాం. ఒక్కో దిశలో 0.4 మి.మీ. చెదిరే మంచి పెల్లెట్‌తో ఐదు షాట్ల గ్రూపులు కాలుస్తూ పోతే వాటి సగటు 1.2 మి.మీ. వస్తుంది. కానీ విడి గ్రూపులు ఆ సగటు చుట్టూ సుమారు 27 శాతం చొప్పున అటూ ఇటూ ఊగుతాయి. 0.7 మి.మీ. వచ్చినా, 1.8 మి.మీ. వచ్చినా ఆశ్చర్యపడక్కర్లేదు. 0.7 మి.మీ. చెదిరే నాసి పెల్లెట్ గ్రూపుల సగటు 2.1 మి.మీ. అయినా ఒక్కోసారి 1.2 కూడా చూపిస్తుంది. అంటే ఒకే ఒక్క గ్రూపు చూస్తే నాసిది మంచిదానిలా, మంచిది నాసిదానిలా కనిపించే అవకాశం ఉంది. డబ్బాల మధ్య తేడా ఇంత పెద్దది కాకపోతే ఆ ఎంపిక చీట్లు తీసినట్టే.

గుంటూరు మిర్చి యార్డులో సరుకు కొనేవాళ్లు లాటు పైన కనిపించే నాలుగు కాయలు చూసి ధర కట్టరు, బస్తాలోపల నుంచి తీయించి చూస్తారు. పెల్లెట్ లాటుకీ అదే న్యాయం. 50 షాట్లకి సగటు వ్యాసార్థం లెక్క 7 శాతం అటూ ఇటూగా నిలబడుతుంది. అప్పుడు రెండు డబ్బాల మధ్య 20 శాతం తేడా కనిపిస్తే చాలావరకు నమ్మవచ్చు. 10 శాతం తేడా అయితే ఇంకా తేలనట్టే. ఆ రెండింటికీ మరో 50 చొప్పున కాల్చాలి, లేదా రెండూ ఒకటే అనుకుని చవకైనది కొనాలి. చవకైనది కొనడమే ఎక్కువసార్లు సరైన పని.

గ్రూపు ఆకారం కూడా కబురు చెబుతుంది. నిలువుగా సాగితే ముందు వేగం తేడా చూడాలి. రెండు గుత్తులుగా విడిపోతే పెల్లెట్ జోలికి పోవద్దు. ఎక్కడో మర వదులైంది: స్కోపు పట్టీ, బ్యారెల్ ముందు గొట్టం, కర్రకి బిగించే మర, ఈ వరసలో చూసుకోవాలి. అన్ని డబ్బాలూ ఒకేలా చెదిరితే బ్యారెల్ మురికిదో, చివర అంచు దెబ్బతిన్నదో అయి ఉంటుంది.

తూకం వేసి ఏరడం ఎంత ఉపయోగం

వన్‌టౌన్ బంగారం పనివాళ్లు వాడేలాంటి మిల్లీగ్రాము త్రాసు కొని, డబ్బాలోని 500 పెల్లెట్లనీ తూచి గుంపులు చేసే అలవాటు కొందరికి ఉంది. లెక్క వేస్తే లాభం స్వల్పం. బరువు 1 శాతం, అంటే 5 మిల్లీగ్రాములు తేడా ఉంటే వేగం సుమారు అర శాతం మారుతుంది. టార్గెట్ మీద అది 0.17 మి.మీ. నిలువు తేడా. 0.1 పాయింటుకి కూడా చాలదు. మంచి మ్యాచ్ లాటులో ఎక్కువ పెల్లెట్లు అంతకన్నా దగ్గరగానే తూగుతాయి. ఆ సమయం స్కర్ట్‌లు చూసి నలిగినవి ఏరడానికి వెచ్చిస్తే ఫలితం కనిపిస్తుంది. త్రాసుకి ఒక ఉపయోగం ఉంది. కొత్త లాటులోంచి 30 పెల్లెట్లు తూచి చూసినప్పుడు 15, 20 మిల్లీగ్రాముల తేడాలు కనిపిస్తే ఆ లాటుని కాల్చి చూడనక్కర్లేకుండానే వెనక్కి ఇవ్వవచ్చు.

.22 దగ్గర లెక్క మారుతుంది

50 మీటర్ల .22లో పది రింగు 10.4 మి.మీ., ఒక్కో 0.1 పాయింటుకి 0.8 మి.మీ. 40 గ్రెయిన్ల సీసపు బుల్లెట్ సుమారు 330 మీ./సె. వేగంతో బయలుదేరుతుంది. 50 మీటర్లు చేరేలోగా దాదాపు 12 సెం.మీ. జారుతుంది. 1 శాతం వేగం తేడాకి 2.4 మి.మీ. నిలువు తేడా, అంటే 0.3 పాయింటు. ఎయిర్ రైఫిల్‌లో అదే 1 శాతానికి పోయేది సుమారు 0.14 పాయింటే. అందుకే .22లో లాటు తేడా ఇంకా గట్టిగా తగులుతుంది. ఎలీ, లాపువా లాంటి కంపెనీలు షూటర్ల రైఫిళ్లని తమ పరీక్షా కేంద్రాల్లో బిగించి, లాటు తర్వాత లాటు కాల్చి చూపించి మరీ అమ్ముతాయి. అదే పేరు, అదే ఖరీదు ఉన్న రెండు లాట్లు ఒక బ్యారెల్‌లో ఎంతో తేడాగా ప్రవర్తిస్తాయి. పక్కవాడి రైఫిల్‌లో గెలిచిన లాటు మన రైఫిల్‌లో ఓడిపోవచ్చు.

మన షూటర్లకి అంత వెసులుబాటు లేదు. లైసెన్సు, కోటా, దిగుమతి ఎప్పుడొస్తే అప్పుడు. అందుబాటులో ఉన్న లాట్లు రెండో మూడో అయినా పద్ధతి మాత్రం అదే. ఒక్కో లాటు నుంచి 50 తూటాల పెట్టె ఒకటి తీసుకుని, పది వదిలేసి, 40 లెక్కించాలి. ఈ వదిలేసే పది ఇక్కడ మరీ ముఖ్యం. .22 బుల్లెట్ పైన మైనపు పూత ఉంటుంది. కంపెనీ మారితే పాత మైనం పోయి కొత్తది బ్యారెల్ అంతా పరుచుకునేదాకా షాట్లు తిరుగుతూనే ఉంటాయి, కొన్ని బ్యారెళ్లకి ఇరవై కూడా పడతాయి. రేంజిలో గాలి లేని పొద్దుటి పూట మాత్రమే కాల్చాలి. జెండా కదులుతున్నప్పుడు అడ్డం తేడాని లెక్కలోంచి పక్కన పెట్టి నిలువు తేడాని మాత్రం పోల్చుకోవచ్చు. తూటాల పెట్టె ఎండలో ఉంచితే మైనం మెత్తబడుతుంది, మందు వేడెక్కి వేగం మారుతుంది. నీడలో, మూత పెట్టి ఉంచాలి. కాల్చే ముందు ఛాంబర్‌లో తూటాని ఎక్కువసేపు ఉంచకూడదు. వేడి బ్యారెల్ దాన్నీ వేడి చేస్తుంది, ఆ షాట్ పైకి పోతుంది.

ఎంచుకున్నాక

లాటు తేలగానే ఏడాదికి ఎంత కావాలో లెక్క వేసి ఒకేసారి కొనాలి. వారానికి 300 షాట్లు సాధన చేసేవాళ్లకి ఏడాదికి 15,000 పైన, అంటే 500 పెల్లెట్లుండే డబ్బాలు ముప్పై దాటుతాయి. అంతా ఒకే లాటు కొనే స్తోమతు లేకపోతే పోటీలకీ, పోటీ ముందు రెండు వారాల సాధనకీ సరిపడా ఆరు డబ్బాలు విడిగా ఉంచి, మామూలు సాధనకి అదే సైజులో చవక రకం వాడుకోవచ్చు. రెండింటి మధ్య గురి చూసే సైటు క్లిక్కులు ఎన్ని మార్చాలో రాసుకోవాలి.

నిల్వ విషయంలో మన వాతావరణం శత్రువే. సీసం మీద తెల్లటి పొడి కనిపించిందంటే తుప్పు పట్టినట్టు. అలాంటి పెల్లెట్లని తుడిచి వాడకూడదు, పారేసే చోట పారేయాలి. తేమకి తోడు ప్లైవుడ్ అల్మారాల్లోంచి వచ్చే ఆమ్లపు ఆవిరి కూడా సీసాన్ని తింటుంది. గాలి చొరని ప్లాస్టిక్ పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేసి, ఆ పెట్టెని ఇనుప బీరువాలో పెట్టాలి. పొట్లాల్ని వానాకాలంలో నెలకోసారి ఎండబెట్టాలి. సీసం ముట్టుకున్న చేతులతో ఏమీ తినకూడదు, పిల్లలచేత సబ్బుతో కడిగించాలి. పెల్లెట్‌ని నోట్లో పెట్టుకుని రైఫిల్ సర్దుకునే పిల్లలు కొందరు ఉంటారు, మొదటి రోజునే మాన్పించాలి.

దాచిన లాటుని ఆరు నెలలకోసారి రెండు గ్రూపులు కాల్చి పాత అంకెలతో పోల్చాలి. అంకె పెరిగితే ముందు బ్యారెల్ తుడిచి, వేగం చూసి, మరలు బిగించి, అప్పటికీ తగ్గకపోతేనే కొత్త లాట్ల కోసం వెతకాలి.